చేపల గది మూత దగ్గర పెదనాన్న

పెదనాన్న ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు ఒకసారి తలుపుల వైపు చూస్తారు. చర్చిలోనూ అంతే. ఆఖరి బల్ల చివర, వాకిలి పక్కన కూర్చుంటారు. సంఘ పెద్దలు ముందు వరుసలోకి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా నవ్వి చెయ్యి ఊపుతారే గాని కదలరు. అంత పెద్ద ఉద్యోగం చేసి వచ్చిన మనిషి చెప్పుల దగ్గర కూర్చోవడం అమ్మకు చిన్నతనంగా ఉండేది. నాకు మాత్రం భయంగా ఉండేది. ఆయన అక్కడ కూర్చున్నారంటే, మేమంతా లోపల ఉన్నామని గుర్తొచ్చేది.

ఆయన మా నాన్నకు అన్న. గూడూరు దగ్గర పల్లెలో పుట్టి, బందరులో హాస్టల్లో ఉండి చదువుకుని, నేవీలో చేరారు. ఉద్యోగ జీవితమంతా సబ్‌మెరైన్లలోనే గడిచింది. మొదట చిన్న ఆఫీసరు, తర్వాత కెప్టెన్ కింద రెండో అధికారి, ఆ తర్వాత తానే ఒకదానికి కెప్టెన్, చివర్లో విశాఖలో ఒడ్డు మీద కూర్చుని ఆ పడవల మంచిచెడ్డలు చూసే కమడోర్. గుడివాడలో మేము అద్దెకున్న ఇంటి ముందుగదిలో ఆయన ఫొటోలు వరసగా ఉండేవి. ఒక్కో ఫొటోకి భుజం మీద బంగారు పట్టీలు పెరిగేవి, తల మీద జుట్టు తగ్గేది. ఒక్క దాంట్లోనూ సముద్రం ఉండేది కాదు.

ఆయన నీళ్ళ కిందికి వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ మా ఇంటికి వచ్చేది. ఎక్కడికి వెళ్ళారో, ఎప్పుడొస్తారో ఆమెకూ తెలియదు. ఆ వారాల్లో మా నానమ్మ అన్నం ముందు చేసే ప్రార్థన పొడుగయ్యేది. అన్నం చల్లారిపోయేది. ఫోను మోగితే పెద్దమ్మ లేచేది కాదు, చేతిలో ఉన్న పని ఆపి నాన్న మొహం చూసేది. నాన్న "పాలవాడు" అనో "స్కూలు నుంచి" అనో అన్నాక మళ్ళీ చిక్కుడుకాయలు తుంచేది.

సెలవుల్లో వచ్చినప్పుడు ఒకసారి అడిగాను, చిన్నప్పుడు.

"అందులో కిటికీలుంటాయా పెదనాన్నా?"

"ఉండవమ్మలూ."

"మరి బయట ఏముందో ఎలా చూస్తారు?"

"చూడం. వింటాం."

పెద్దమ్మ పోయాక ఆయన బందరు వచ్చేశారు. అప్పటికి నాన్నకూ బదిలీ అయి మేమూ ఇక్కడే ఉన్నాం. మా మేడ మీద వాటాలో ఉంటానన్నారు. కాఫీ నేనే తీసుకెళ్ళేదాన్ని. నాకు మనుషులతో మాట్లాడటం రాదు, ఆయనకు మాట్లాడించడం రాదు. అందుకని మా ఇద్దరికీ బాగానే ఉండేది. ఆయన కిటికీ దగ్గర, నేను మెట్ల మీద పుస్తకం పెట్టుకుని, గంటలు గడిచిపోయేవి.

ఒక సాయంత్రం నేనేమీ అడగకుండానే చెప్పారు. రెండో అధికారిగా ఉన్న రోజుల్లో, నీళ్ళ కింద, బ్యాటరీలుండే గదిలో నిప్పంటుకుంది. అలాంటప్పుడు ఆ గదికి రెండు వైపులా ఇనుప తలుపులు వేసి బిగించెయ్యాలి. లోపల ఎవరున్నా సరే. అది అందరికీ తెలిసిన నియమం, చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. ఆ రోజు లోపల ఒక కుర్రవాడున్నాడు.

"తలుపు ఎవరు వేశారు?" అన్నాను.

"నేనే."

"మరి అతను..."

"మంట ఆరాక తీశాం," అన్నారు. తర్వాత, "కొంతసేపు కొట్టాడు, లోపలి నుంచి. ఇనుము మీద బాగా వినిపిస్తుంది," అన్నారు.

నేను కప్పు తీసుకుని కిందికి వచ్చేశాను.

*

పొద్దున్నే ఆయన గిలకలదిండి హార్బరుకి నడిచేవారు. మోకాలు నొప్పి అని నాన్న నన్ను తోడు పంపేవారు. అక్కడ ఆయనకు ఒకే ఒక్క స్నేహితుడు. హాస్టల్లో పక్క పక్క పెట్టెలు పెట్టుకుని చదువుకున్నవాళ్ళు. దివిసీమలో సముద్రపొడ్డు పల్లె ఆయనది. ఉప్పెనకు ఊరు పోయాక బందరు వచ్చి, కళాసీగా మొదలుపెట్టి, ఇప్పుడు ఒక మరబోటుకి యజమాని. నేను ఆయన్ని పడవ మావయ్య అంటాను. పెదనాన్నను "ఒరేయ్" అనే మనిషి ఈ లోకంలో ఇక ఆయన ఒక్కరే మిగిలారు.

"రారా కమడోరూ," అని వలల కుప్ప మీద చోటు చూపించేవారు. "కోడలు ఇవాళైనా మాట్లాడుతుందా, లేకపోతే మీ ఇంట్లో మాటలకి కూడా రేషనా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఈ ఏడు రెండు నెలల చేపల వేట నిషేధం అయిపోతుండగా హార్బరంతా రంగుల వాసన, డీజిలు వాసన. బోట్లు కొత్తగా తయారవుతున్నాయి. మేము వెళ్ళిన మర్నాడే పడవ మావయ్య బోటుకి పూజ. ఆయన కొడుకు, ఆ కొడుకు పెళ్ళాం, వాళ్ళ చిన్నపిల్ల, బోటు నడిపే సరంగు, అందరూ అక్కడే ఉన్నారు. పెదనాన్న డెక్కు మీదికెక్కి, మధ్యలో ఉన్న చతురస్రపు మూత ముందు ఆగిపోయారు. దాని కిందే చేపల గది. వేటలో పట్టిన చేపల్ని ఐసు వేసి దాచేది అందులోనే. మూత చుట్టూ పసుపు గుడ్డ కట్టి ఉంది, గుడ్డ మీద కుంకుమ.

"ఇది ఎప్పుడేశావురా?"

"నిషేధం మొదలైన రోజున. రేపు ముహూర్తానికే తీస్తాం. మా నాన్న చెక్క పడవకీ ఇంతే, నాకూ ఇంతే. మూత తియ్యగానే మావాడు మొదటి ఐసు బుట్ట పట్టుకుని దిగాలి. ఇంటి కొడుకు దిగాకే ఇంకొకళ్ళు."

"కడిగే మూశారా?"

పడవ మావయ్య సరంగు వైపు చూశారు. సరంగు తల గోక్కున్నాడు. "కడిగినట్టేనండి. ఆఖరి వేట నుంచి వచ్చేసరికి గాలివాన పట్టుకుంది. సరుకు దించేసి మూతేసేసి కుర్రోళ్ళు ఇళ్ళకి పరిగెత్తారు."

"అంటే అడుగున నీళ్ళున్నాయి. చేపల కుళ్ళు ఉంది. పైన ఇన్నాళ్ళ ఎండ."

"బోటన్నాక అడుగున నీళ్ళుండవా? నీ సబ్‌మెరైన్‌లో లేవా?"

"కమడోరు గారి పడవే నీళ్ళల్లో ఉంటదండీ, ఇంక దాంట్లో నీళ్ళెందుకు?" అన్నాడు సరంగు. అందరూ నవ్వారు.

పెదనాన్న నవ్వలేదు. "ఇవాళే తీసెయ్యి. రేపటిదాకా గాలాడనివ్వు. పెద్ద ఫ్యాను ఏదన్నా దొరికితే పెట్టించు. ఆ తర్వాత దిగండి."

"ముహూర్తానికి ముందే తీస్తే ఇంక ముహూర్తం ఎందుకురా? మీ చర్చిలో పాస్టరు గారు రాకముందే ఉంగరాలు తొడిగేసుకుంటారా?"

"ఒరేయ్, నేను నవ్వులాటకి చెప్పట్లేదు."

"నేనూ నవ్వులాటకి పూజ చెయ్యట్లేదు," అన్నారు పడవ మావయ్య. గొంతు మారింది. కొడుకు పెళ్ళాం, నేను వదిన అని పిలిచే ఆవిడ, చంకలో పిల్లను సర్దుకుంటూ మామగారి మొహం చూసింది.

పెదనాన్న చేతికర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. "సరే. అయితే వాడికి చంకల కింద నుంచి తాడు కట్టి దింపు. అదొక్కటి చెయ్యి నా కోసం."

"నన్ను దూడని చేసేశారేంటండీ మావయ్య గారూ," అన్నాడు కొడుకు.

"కట్టించుకో, పోయేదేముంది," అంది వదిన. "ఇంట్లో నేను కడితే తెంపుకుంటావు గాని."

ఆ మాటకు పడవ మావయ్య కూడా నవ్వేసి, తాడుకి ఒప్పుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు పెదనాన్న కర్ర పోటేసుకుంటూ నా ముందు నడిచారు. మా వీధి మలుపులో ఆగి చెప్పారు. మూసిపెట్టిన చోట, కుళ్ళిన నీళ్ళ మీద ఒక గాలి పుడుతుందట. మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే వాసన ఆగిపోతుంది. గాలి పోయినందుకు కాదు, ముక్కు చచ్చిపోయినందుకు. రెండు మూడు ఊపిరులతో మనిషి పడిపోతాడు. వాణ్ణి తియ్యడానికి దిగినవాడు వాడి మీద పడతాడు. మూడోవాడు ఆ ఇద్దరి మీద.

"మరి వాళ్ళకి గట్టిగా చెప్పొచ్చు కదా?"

"ఇంకొక్క మాట ఎక్కువంటే అపశకునం అంటారు. రేపు నన్ను దగ్గరికి రానివ్వరు. నేను దగ్గర ఉండాలి." కర్రతో నేల మీద గీస్తూ అన్నారు, "నాకు ముక్కు పనిచెయ్యదమ్మలూ. అన్నేళ్ళు డీజిలు పీల్చి ఎప్పుడో పోయింది. నువ్వు నా పక్కన నిలబడు. మూత తియ్యగానే ఏ వాసనొచ్చినా చెప్పు. నెమ్మదిగా కాదు."

ఆ రాత్రి నేను డైరీ ముందు కూర్చున్నాను గాని ఏమీ రాయలేదు.

*

మర్నాడు బోటు పెళ్ళికూతురిలా ఉంది. బంతిపూల దండలు, వేపకొమ్మలు, నిమ్మకాయలు. ఒడ్డు మీద డప్పులు. కొబ్బరికాయ కొట్టారు. తనకిచ్చిన అరటిపండుని పెదనాన్న జేబులో పెట్టుకుని, ఎవరూ గమనించకుండా ఒక్కో అడుగూ జరిగి మూతకి చేరువగా వెళ్ళి నిలబడ్డారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఉన్నాను.

పసుపు గుడ్డ విప్పారు. ఇద్దరు కళాసీలు మూత ఎత్తి పక్కన పెట్టారు.

వెంటనే వచ్చింది. కుళ్ళిన గుడ్డు, ఇంకా ఏదో, గొంతులో గీరినట్టు. "వస్తోంది," అన్నాను. డప్పుల్లో నా మాట నాకే వినపడలేదు. "వస్తోంది పెదనాన్నా!" అని అరిచాను. ఆయన చెయ్యెత్తి పడవ మావయ్య కొడుకు వైపు తిరిగి ఏదో అనబోయారు. అప్పటికే అతను తాడు కట్టుకుని, బుట్ట భుజాన పెట్టుకుని నిచ్చెన మీద కాలు వేశాడు. నేను మళ్ళీ ఊపిరి పీల్చాను. ఏమీ లేదు. బంతిపూల వాసన కూడా లేదు.

"వాసన పోయింది!" అన్నాను. నా జీవితంలో అంతమందిలో అంత గట్టిగా మాట్లాడింది అదే.

అందరికీ వినపడింది. డప్పులవాళ్ళు కూడా నా వైపు చూశారు. "పోయిందంటగా," అన్నాడు సరంగు సంతోషంగా. "అమ్మాయి గారే చెప్తున్నారు, దిగు దిగు."

"దిగొద్దు!" అన్నారు పెదనాన్న. పడవ మావయ్య భార్య చెవులు మూసుకుంది, శుభమా అంటూ ఆ అరుపేమిటన్నట్టు.

అతను దిగేశాడు. ఐసు బుట్ట కింద పడిన చప్పుడు వచ్చింది. నేను తొంగిచూశాను. అలిసిపోయినవాడు కూర్చున్నట్టు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా పక్కకు ఒరిగి, చెక్క అడ్డుపలకల వెనక్కి జారిపోయాడు.

డప్పులు ఎప్పుడు ఆగాయో తెలియదు. పడవ మావయ్య కండువా విసిరేసి రెండంగల్లో మూత దగ్గరికి వచ్చారు. ఆయన కాలు పెట్టేలోపే పెదనాన్న ఆ కంత మీద అడ్డంగా కూర్చుండిపోయారు. ఒక అంచు మీద నడుము, ఎదుటి అంచు మీద మడమలు. మోకాలు వంగని మనిషి అంత తొందరగా ఎలా కూర్చున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

"లేవరా!"

"దిగితే నువ్వూ రావు. తాడు లాగండి!"

లాగారు. తాడు బిగుసుకుంది, మనిషి రాలేదు. అడ్డుపలక వెనక చిక్కుకున్నాడు.

"ఎవరో ఒకళ్ళు దిగి తియ్యాలండీ," అని ఒక కుర్రవాడు ఇటు నుంచి కాలు దూర్చబోయాడు. పెదనాన్న అతని చొక్కా పట్టుకుని వెనక్కి నెట్టేశారు.

"లేవరా! నా కొడుకురా వాడు! చచ్చిపోతున్నాడురా!" పడవ మావయ్య ఆయన భుజాల మీద, మెడ మీద పిడికిళ్ళతో కొడుతున్నారు. పెదనాన్న ఆయన్ని ఆపలేదు, చేతులు అడ్డం పెట్టలేదు. ఆయన గొంతు మాత్రం మామూలుగా ఉంది. కాఫీలో పంచదార తక్కువైందని చెప్పేటప్పటి గొంతు అది.

"తాడు వదులు చెయ్యండి. ఇంకా వదలండి."

"వదిలేస్తున్నారు!" అని వదిన కేక పెట్టింది. "అత్తా, వదిలేస్తున్నారు!"

"ఇప్పుడు తాడు ఈ పక్కకి తీసుకురండి. నా వెనక్కి. ఇటు నుంచి లాగండి. మెల్లగా. ఇప్పుడు గట్టిగా."

తాడు కదిలింది. కింద ఏదో జారిన చప్పుడు. తల కనిపించాకే పెదనాన్న పక్కకి జరిగారు. అతని మొహం సీసం రంగులో ఉంది. పెదనాన్న అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదారు. ఊదుతూనే ఉన్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు.

*

అతను కళ్ళు తెరిచేదాకా మేము ఆసుపత్రి వసారాలోనే ఉన్నాం. తెరిచాక వదిన లోపలికి పరిగెత్తింది. పడవ మావయ్య వెళ్ళలేదు. వచ్చి పెదనాన్న ముందు నిలబడ్డారు.

"తాడు లేకపోయుంటే?" అన్నారు.

పెదనాన్న తలెత్తి చూశారు.

"నేను తాడుకి ఒప్పుకోకపోయుంటే, అప్పుడు కూడా అలాగే కూర్చునేవాడివా?"

"కూర్చునేవాణ్ణి."

"వాడు కింద పోతుంటే."

"ఊఁ."

"నీ కొడుకైతే?"

పెదనాన్నకు పిల్లలు లేరు. "అప్పుడు నువ్వు కూర్చోవాలి," అన్నారు.

పడవ మావయ్య ఆయన్ని చాలాసేపు చూశారు. కోపంగా కాదు. తెలియని వీధిలో తెలియని ఇంటి నంబరు చూసేవాళ్ళలా. తర్వాత లోపలికి వెళ్ళిపోయారు.

ఊళ్ళో అందరూ పొగిడారు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు అడిగితే పెదనాన్న వద్దన్నారు. కొన్నాళ్ళకి హార్బరుకి వెళ్ళాం. "రండి సార్," అన్నారు పడవ మావయ్య. ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి వేశారు. టీ తెప్పించారు. నన్ను ఏమీ ఆటపట్టించలేదు. పెదనాన్న టీ తాగి, కుర్చీలోంచి లేచి, ఇంటికి వచ్చేశారు. మళ్ళీ ఆ దారిన నడవలేదు.

మొన్న శుక్రవారం పడవ మావయ్య కొడుకు, వదిన మా ఇంటికి వచ్చారు. మోపిదేవిలో మొక్కు తీర్చుకుని వస్తున్నారట. అతని గుండు మీద గంధం ఆరిపోయి ఉంది. పిల్ల నిద్రపోతోంది. మేడ మీద పెదనాన్నకు ప్రసాదం ఇచ్చి, ఇద్దరూ చాప మీద కూర్చున్నారు.

"నాకు లోపల కొంచెంసేపు తెలివుందండి మావయ్య గారూ," అన్నాడు అతను. "కాళ్ళూ చేతులూ రాలేదు గానీ, పైన నలుచదరంగా వెలుతురు కనపడింది. దాన్ని ఎవరో కప్పేశారు. మూతేసేశారనుకున్నానండి."

"ఇప్పుడవన్నీ ఎందుకు," అంది వదిన.

"మూత కాదు. నేను," అన్నారు పెదనాన్న.

"తెలుసండి. నాన్న చెప్పాడు."

పెదనాన్న కుర్చీలో ముందుకు వంగారు. ఆయన ఎవర్నీ ఏదీ అడగగా నేను చూడలేదు. ఎంత దగ్గరివాళ్ళనైనా. "మూసేశారని అనుకున్నప్పుడు ఏమనిపించింది?"

అతను గుండు మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించాడు. "తిట్టానండి. నోరు రాలేదు, మనసులోనే. ఎవరో ఏంటో తెలియదు కదా."

"ఏమని?"

"ఊరుకోండి మావయ్య గారూ."

"ఫర్వాలేదు. చెప్పు."

వదిన నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. అతను సిగ్గుపడుతూ, తల దించుకుని, ఆ మాటలు చెప్పాడు. చాలా పచ్చిగా ఉన్నాయి. ఇక్కడ రాయను. పెదనాన్న కళ్ళు మూసుకుని, ఒక చెవి అతని వైపు తిప్పి, చివరిదాకా విన్నారు.

"ఇంకోసారి చెప్పు," అన్నారు.